లేని గంగాళానికి సొట్ట

ముప్పై ఏళ్ళయినా నిండని మనిషి ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే పెద్దవాళ్ళు నవ్వుతారని నాకు తెలుసు. కానీ మా కంప్యూటర్ బొమ్మల పనిలో కాలం మిర్చి ధరలాగా నడుస్తుంది. పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండదు. అందుకే నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోని సంగతులు నాకిప్పుడే తాతలనాటివిలా అనిపిస్తాయి. ఇప్పుడైతే కంప్యూటర్లో ఇత్తడి కావాలంటే మీట నొక్కితే ఇత్తడి వస్తుంది, చిలుము పట్టిన ఇత్తడి కావాలంటే ఇంకో మీట. అప్పట్లో మా ఆఫీసుకు అలాంటివి కొనుక్కునే తాహతు లేదు. ఏ వస్తువు ఎలా మెరుస్తుందో, ఎక్కడ మెరవదో మేమే కూర్చుని ఊహించుకుని, అంకెలు మార్చి మార్చి తయారు చేసుకోవాలి. ఆ పనిలో నేను ఒక గంగాళం చేశాను. దానివల్ల మా ఇంట్లో ఎంత రగడ జరిగిందో చెబితే, కంప్యూటర్ పనిలో ప్రమాదాలేమీ ఉండవనుకునేవాళ్ళు మనసు మార్చుకుంటారు.

మా ఆఫీసు జనగామలో బస్టాండుకు దగ్గర్లో, ఒక సిమెంటు దుకాణం పైన ఉండేది. ఇంకా కట్టని ఇళ్ళకు కట్టేసినట్టుగా బొమ్మలు చేసివ్వడం మా వృత్తి. నేను అక్కడే ఒక స్నేహితురాలితో గది తీసుకుని ఉండి, ఆదివారాలు మానుకోటకు (రికార్డుల్లో మహబూబాబాద్, మా నోట్లో మానుకోటే) రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. నేను చేసేదేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అమ్మ పక్కింటివాళ్ళతో “మా బిడ్డ జనగామల ఇండ్లు కడ్తది” అనేది. బాపు “కట్టదు, బొమ్మలేస్తది” అని సరిదిద్దేవాడు. ఈ రెండూ కలిపి విన్న పక్కింటామె ఒకసారి నన్ను ఆపి, వాళ్ళ ప్రహరీ గోడకు సున్నం వేయడానికి ఎంత తీసుకుంటానని అడిగింది.

ఆఫీసులో నాకు పని నేర్పినాయన్ని అందరూ షైనింగన్న అనేవారు. వెనకటికి ఆయన ఏది చేసినా తళతళలాడిపోయేదట. గడ్డి మెరిసేది, ఇటుక మెరిసేది, సోఫా మీద పరిచిన దుప్పటి కూడా కడిగిన స్టీలు పళ్ళెంలా మెరిసేది. నేను చేరేనాటికి ఆయన పూర్తిగా మారిపోయాడు కానీ పేరు మారలేదు. నన్ను ఇంకా పరీక్ష మీదే పెట్టుకున్నారు. పని నచ్చితే ఉంచుకుంటామని, లేకపోతే మానుకోట బండి సంగతి నీకు తెలుసుగదా అని మొదటి రోజే చెప్పారు.

అలాంటప్పుడు ఒక విల్లాల సేటు వచ్చాడు. హైవే పక్కన ఇళ్ళు కట్టబోతున్నాడు, అమ్ముకోవడానికి బొమ్మలు కావాలి. వంటగది బొమ్మ నాకిచ్చారు. తెల్లటి పాలరాయి, తెల్లటి అరలు, తెల్లటి గోడలతో నేను చేసింది చూసి సేటు చాలాసేపు తల గోక్కున్నాడు.

“గిదేందమ్మా, దవాఖాన లెక్క ఉన్నది. ఇండ్ల అన్నం వండుతరా, ఆపరేషన్ చేస్తరా?” అన్నాడు. “జర ఇంటి కళ రావాలె. ఓ పాత ఇత్తడి సామాను పెట్టు. గిప్పుడు అందరు గదే అడుగుతున్నరు.”

పాత ఇత్తడి సామాను అనగానే నాకు మా నాయనమ్మ గంగాళం గుర్తొచ్చింది. గార్ల దగ్గర మా ఊళ్ళో, మేమూ పెద్దబాపు వాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు అది వాకిట్లో ఓ పక్కన నిండుగా నీళ్ళతో ఉండేది. వెడల్పు మూతి, రెండు పక్కలా కడియాలు, పొట్ట మీద ఒక సొట్ట. ఎండాకాలం దానికి చెంప ఆనించి కూర్చునేదాన్ని. దాని పొట్టలో నా మొహం సొరకాయంత పొడుగ్గా కనిపించేది. సొట్ట దగ్గరకొచ్చేసరికి ముక్కు రెండుగా చీలిపోయేది. ఆ వయసులో నాకు అంతకు మించిన వినోదం లేదు.

సరే, దాన్నే చేద్దామని కూర్చున్నాను. ఆకారం తొందరగానే వచ్చింది. దానికి పసుపు రంగు పూసి, పైన తెల్లటి మెరుపు చుక్క పెట్టి షైనింగన్నకు చూపించాను.

“మంచిగున్నది. ప్లాస్టిక్ బకెట్ ఎంత?” అన్నాడాయన.

ఇత్తడి మీద పడ్డ వెలుగు పసుపు కలిసే తిరిగొస్తుందట; తెల్లగా తిరిగొస్తే అది ప్లాస్టిక్ అట. పుట్టినప్పటి నుంచి రెండూ చూస్తున్నాను, ఈ సంగతి నా కంటికి తెలుసేమో గాని నాకు తెలియదు. మళ్ళీ కూర్చుని దాన్ని అసలైన లోహంగా మార్చాను. ఈసారి గంగాళం బొగ్గులా నల్లగా వచ్చింది. మా పెద్దబాపు పనిచేసే భూపాలపల్లి గనిలోంచి తవ్వి తీసినట్టుంది. ఎంత దీపం పెట్టినా అంతే. ఏడుపొక్కటే తక్కువ. షైనింగన్న వచ్చి వెనకాల నిలబడ్డాడు.

“ఇత్తడి ఎదురుంగ ఏముంటే గదే చూపెడ్తది. నువ్వు దాన్ని ఏం లేనికాడ పెట్టినవ్. పాపం, అది మాత్రం ఏం చూపెడ్తది?”

నిజమే, గంగాళాన్ని ఒక్కదాన్నే శూన్యంలో వేలాడదీశాను. వంటగదిలోకి తెచ్చి, కిటికీ పెట్టి, కిటికీ బయట కాస్త ఆకాశం, ఒక వేపచెట్టు పెట్టేసరికి దానికి ప్రాణం వచ్చింది. ప్రాణం ఎక్కువే వచ్చింది. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళ బూరలా ధగధగలాడిపోయింది. షైనింగన్న అప్పుడు చెప్పిన మాట నేను ఇప్పటికీ కొత్తగా చేరే పిల్లలకు చెబుతుంటాను: “మంచిగ చేసుడు అయిపోయింది. గిప్పుడు పాడు చెయ్యి.”

పాడు చేయడంలో నాకున్న ప్రతిభ అప్పుడే బయటపడింది. చింతపండు పెట్టి గుండ్రంగా తోమితే పడే సన్నటి గీతలు గీశాను. మూతి అంచు కింద, చెయ్యి సరిగ్గా పోనిచోట, పచ్చటి చిలుము పెట్టాను. లోపల నీటి మట్టం దగ్గర తెల్లటి సున్నపు చార, కడియాల దగ్గర చేతులు తగిలి తగిలి వచ్చిన నునుపు, మిగతా ఒంటికి కాస్త మబ్బుతనం. చివర్న సొట్ట పెట్టాను. ఆ సొట్ట దగ్గర కిటికీ రెండుగా చీలి కనబడినప్పుడు, ఎవరూ చూడకుండా తెర మీదికి వంగి నా ముక్కు పెట్టి చూశాను (ముక్కు కనబడలేదు. కంప్యూటర్‌కు నేను ఎదురుగా ఉన్నట్టు తెలియదు కదా). తుది బొమ్మ తయారవుతున్నంతసేపూ ఆ పాత కంప్యూటర్ వరి కోత మిషనులా రొద పెట్టింది.

తయారయ్యాక షైనింగన్న చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. “ఫొటో తెచ్చి నాకెందుకు చూపెడ్తున్నవ్? నువ్వు చేసింది చూపెట్టు” అన్నాడు. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర ఉండదు. సేటుకు కూడా నచ్చింది. నా ఉద్యోగం నిలిచింది. ఆ సంతోషంలో ఆ బొమ్మను నా ఫోన్ స్టేటస్‌లో పెట్టి, కింద ‘మా నాయనమ్మ గంగాళం’ అని రాసుకున్నాను. అది బొమ్మ అని రాయాలన్న ఆలోచన నాకు రాలేదు. బుద్ధిమంతురాల్ని కదా.

ఇక్కడ ఆ గంగాళం చరిత్ర కాస్త చెప్పాలి. నేను చిన్నబడిలో ఉన్నప్పుడు పెద్దబాపుకు గనిలో ఉద్యోగం వచ్చి వాళ్ళు భూపాలపల్లి వెళ్ళిపోయారు, మేము మానుకోట వచ్చేశాం. ఉమ్మడి సామానంతా పంచుకున్నారు. గంగాళం మాత్రం పంపకంలో కనబడలేదు. నాయనమ్మను అడిగితే “ఉన్నది తియ్యి, యాడికి పోతది” అనేది. నాయనమ్మ పోయాక అడగడానికి మనిషి లేదు. అత్త తన గంగాళాన్ని చిన్నకోడలికిచ్చిందని పెద్దమ్మ, పెద్దకోడలికిచ్చిందని అమ్మ, ఎవరి మనసులో వాళ్ళు ఖాయం చేసుకున్నారు. ఒకరినొకరు నోరు తెరిచి అడగలేదు. అడగకుండానే పండుగలకు రాకపోకలు తగ్గాయి, ఫోన్లు తగ్గాయి. ఇన్నేళ్ళకు పెద్దబాపు పూనుకుని, ఈసారి రెండిళ్ళూ కలిసి కురవి వీరన్న గుడికి పోదామని ఒప్పించాడు. జీపు కూడా మాట్లాడారు. సరిగ్గా ఆ వారమే నేను స్టేటస్ పెట్టాను.

మొదట పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతు పాకంలా తియ్యగా ఉంది. పెద్దమ్మ గొంతు తియ్యనైందంటే భయపడాలి.

“బిడ్డా, మంచిగున్నవా? ఇల్లు మంచిగ కట్టుకున్నరు. కిందమీద అంత పాలరాయే. గృహప్రవేశానికి మమ్ముల పిలువకపోతిరి, పోనియ్యి, మేం యాడున్నమో యాదికి లేదేమో.”

“ఇల్లేంది పెద్దమ్మా? మేం ఇల్లు కట్టలే.”

“మరి గా వంటిల్లు ఎవలది? గంగాళం మీది, వంటిల్లు పక్కోళ్ళదా?”

నేను అది కంప్యూటర్లో చేశానని చెప్పాను. అలాంటి వంటిల్లు లేదని, గంగాళమూ లేదని చెప్పాను. పెద్దమ్మ అంతా ఓపిగ్గా విన్నది. విని, ఒకే ఒక్క మాట అడిగింది.

“లేనిదానికి సొట్ట ఎట్ల పడ్డది బిడ్డా? గా సొట్ట నా చేతుల పడ్డది. బోరింగు కాడ తోముతుంటే జారి దొర్లింది. గది నాకు తెల్వదా?”

అనేసి పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. ఊపిరి పీల్చుకునేలోపే అమ్మ ఫోన్ చేసింది. అమ్మది మరీ రహస్యం గొంతు.

“నిజం చెప్పు. భూపాలపల్లి ఎప్పుడు పోయినవ్? మాకు చెప్పకుంట మీ పెద్దమ్మ ఇంట్లకు పోయి ఫొటో తీస్కొని వచ్చినవా? నేనేమన్న వద్దంటనా?”

“అమ్మా, నేను యాడికి పోలే.”

“గంగాళం ఆమె కాడనే ఉన్నదని నేను మీ బాపుకు మొదటి నుంచి చెప్తనే ఉన్న. చూడు, వంటిల్లు ఎంత కట్టుకున్నదో. అరలే అరలు.”

ఇద్దరూ ఒకే బొమ్మ చూశారు. పెద్దమ్మకు అది మా ఇల్లు, అమ్మకు అది పెద్దమ్మ ఇల్లు. నేను చేసిన వంటగదిని ఇద్దరూ రెండిళ్ళలో కట్టేశారు. విల్లాల సేటు కూడా అంత తొందరగా కట్టలేడు. సాయంత్రానికల్లా జీపు వద్దని పెద్దమ్మ కబురు పంపిందని తెలిసింది. పెద్దబాపు నాకు విడిగా ఫోన్ చేసి, “బిడ్డా, ఎట్లన్న చేసి అది లేదని చూపెట్టు. గిన్నేండ్లకు కలుస్తున్నం” అన్నాడు. గనిలో ఎన్ని కష్టాలు చూసినా ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఉన్నదాన్ని ఉందని చూపించడం నేర్చుకున్నాను గాని, లేనిదాన్ని లేదని చూపించడం నాకెవరూ నేర్పలేదు.

షైనింగన్నకు సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వి, తన సొంత ల్యాప్‌టాప్ ఇచ్చాడు (చంటిపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు, ఎండ తగలనీయొద్దని, పక్కన చాయ్ పెట్టొద్దని బోలెడు జాగ్రత్తలు చెప్పి). ఆదివారం పొద్దునకల్లా పెద్దబాపు బతిమాలి పెద్దమ్మను మానుకోట తీసుకొచ్చాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ముందు మా వంటింటి వైపు చూసింది. అదే పాత కడప బండ, అదే పొగ పట్టిన గోడ. అయినా నమ్మకం కలిగినట్టు లేదు. అమ్మ చాయ్ ఇచ్చింది, పెద్దమ్మ తీసుకుంది. ఇద్దరూ చెరో గోడకు కూర్చున్నారు.

నేను ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మను తిప్పాను. పక్క నుంచి చూపించాను, పైనుంచి చూపించాను. వంటగది వెనక్కి తీసుకెళ్ళాను. అక్కడ గోడ లేదు, నేల లేదు, బూడిద రంగు ఖాళీ ఒక్కటే ఉంది. కిటికీ బయట వేపచెట్టు అట్టముక్కలాగా పలచగా నిలబడి ఉంది.

“ఎనుక ఏం లేదా?” అన్నది పెద్దమ్మ.

“ఏం లేదు పెద్దమ్మా. ముంగట కనపడేటిదే.”

తర్వాత గంగాళం మీద ఇత్తడి తీసేసి మట్టి పెట్టాను. కుండ అయింది. చెక్క పెట్టాను, గాజు పెట్టాను. పెద్దమ్మ కట్టుకున్న నీలంచీర లాంటి గుడ్డ పెట్టేసరికి గంగాళం చీర కట్టుకుని నిలబడింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ నవ్వు ఆపుకోబోయింది గాని కుదరలేదు. మళ్ళీ ఇత్తడి పెట్టమంది. పెట్టాను. కాసేపు కళ్ళు చికిలించి చూసింది.

“సొట్ట గింత మీదికి లేదు బిడ్డా. జర కిందికి, కడియం దిక్కు.”

జరిపాను.

“గిప్పుడు సరిపోయింది” అన్నది పెద్దమ్మ.

అంతవరకూ దూరంగా కూర్చున్న అమ్మ దగ్గరికి జరిగింది. “గింత మెరుపు యాడిది అక్కా? వారానికోసారి తోమితె గింత మెరుస్తదా?”

“నేను తోమిన్నాడు మెరుస్తుండె. నువ్వు తోమిన్నాడు గట్ల ఉంటుండె” అన్నది పెద్దమ్మ, తెర మీద చిలుము పట్టిన చోటును వేలితో చూపిస్తూ.

నేను భయపడ్డాను. అమ్మ మాత్రం నవ్వింది. “నాకు చెయ్యి అందకపోయేది అక్కా. నీకంటె జానెడు పొట్టి నేను.” ఇద్దరూ ల్యాప్‌టాప్‌కు చెరో పక్క చేరారు. అడుగున పొయ్యి మసి ఉండాలంది ఒకరు, మసి కాదు వాన పడి అంటుకున్న ఎర్రమట్టి అంది ఇంకొకరు. ఒక కడియం వదులుగా ఉండి ముట్టుకుంటే గలగలమనేదని గుర్తు చేసుకున్నారు. (ఆ చప్పుడు కూడా పెట్టమన్నారు. అది నా డిపార్టుమెంటు కాదన్నాను.) నేను అంకెలు మారుస్తూనే ఉన్నాను. సేటుకు నచ్చిన గంగాళం నెమ్మదిగా మాసిపోయి, వదులై, నేను చూడని రోజుల గంగాళం అయింది. వంటగదిని తీసేయమన్నారు, తీసేశాను. పాలరాయి స్థానంలో అలికిన నేల పెట్టేసరికి దాని పొట్ట కింది భాగం ఎర్రబడింది. ఇద్దరూ తెర మీదికి వంగారు.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న బాపు అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

“గది అమ్మేసింది అవ్వ” అన్నాడు.

అందరం తిరిగి చూశాం.

“మీకు తోముడు కష్టమైతుందని. వదినెకు నడుమునొప్పి, దీనికి అప్పుడే రెండో కాన్పయి ఆపరేషన్ అయింది. సైకిల్ మీద పెట్టి నేనే తీస్కపోయిన. గిదే ఊర్ల గిన్నెల దుకాణంల ఇస్తె రెండు స్టీలు డ్రమ్ములు ఇచ్చిండ్రు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. వాళ్ళత్త ఇచ్చిన ఇత్తడి అమ్ముకున్నదంటె నలుగురు నవ్వుతరని.”

వేరుపడేటప్పుడు నాయనమ్మ తనకొక్కదానికే ముద్దుగా కొనిచ్చిందని ఇద్దరు కోడళ్ళూ చెప్పుకునే స్టీలు డ్రమ్ములు అవే. మాది మా స్నానాల గది మూలన అప్పుడు కూడా నిండుగా ఉంది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, తర్వాత బాపు వైపు తిరిగింది.

“తమ్మీ, గిన్నేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్?”

“ఒట్టు పెట్టించుకున్నది వదినె.”

“అత్త పోయినంక ఒట్టు ఎవలకు చెల్లుతది? చెల్లె, ఈయనకు చాయ్ పొయ్యకు.”

“పొయ్యనక్కా” అన్నది అమ్మ.

ఇన్నేళ్ళలో తోటికోడళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అదే మొదటిసారి. పెద్దబాపు నవ్వుతూ బయటికి పోయి జీపువాడికి ఫోన్ చేశాడు. కురవి దారి పొడుగునా బాపును వెనక సీట్లో కొబ్బరికాయల బస్తా పక్కన కూర్చోబెట్టి, ఇద్దరూ ముందు సీట్లో ఆయన గురించి ఆయనకు వినబడేట్టే మాట్లాడుకున్నారు. బాపు కిటికీలోంచి మిర్చి చేలు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మొహం అంత తేలిగ్గా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు.

మొన్నీమధ్య ఖాళీ దొరికి ఆ పాత బొమ్మ తీసి చూశాను. సిగ్గేసింది. కిటికీ వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో, గంగాళం నీడా ఆ వైపే పడింది. అసలది నేలకు ఆనలేదు, వెంట్రుకవాసి గాల్లో తేలుతోంది. దీన్ని చూసి ఇల్లు కట్టారనుకున్నారా అని నవ్వుకున్నాను. ఇప్పుడు నా దగ్గర మంచి కంప్యూటర్ ఉంది, కొనుక్కున్న ఇత్తడి ఉంది, ఇన్నాళ్ళ అనుభవముంది. పొద్దున కూర్చుని, భోజనాల వేళకల్లా తప్పు పట్టడానికి వీల్లేని గంగాళాన్ని చేసి పెద్దమ్మకు పంపాను. షైనింగన్న చూసినా నోరు మూసుకునేంత బాగుంది. పెద్దమ్మ కాసేపటికి గొంతు రికార్డు చేసి పంపింది.

“మస్తు మంచిగున్నది బిడ్డా. ఎవలింట్లది గిది?”

మళ్ళీ మళ్ళీ విన్నాను. సిమెంటు దుకాణం పైన కూర్చుని, ఏమీ తెలియక, గుర్తున్నదల్లా పెట్టేసి, తెరకు ముక్కు ఆనించి చూసుకున్న ఆ పిల్ల ఇప్పుడు కనిపిస్తే, ఆ నీడ తప్పని మాత్రం చెప్పను.